మాడ్రిడ్ బజారులో అడిగిన మాట

మాడ్రిడ్‌లో వందేళ్ల నాటి ఆ తిండి బజారులో, ఆలివ్ కాయల కొట్టు ముందు మరియకుమారి ఆగిపోయింది. దుబాయ్‌లో కామాక్షి వాళ్లింట్లో ఆమె ఆరేళ్లుగా పనిమనిషి. సెలవులకు స్పెయిన్ వస్తూ, తమ బాబుని చూసుకోవడానికి ఆమెనీ వెంట తెచ్చారు.

కామాక్షి భర్త బాబుని ఎత్తుకుని చేపలు చూపించడానికి వెళ్లాడు. కామాక్షి పుల్లకు గుచ్చిన ఆలివ్ కాయలు కొని మరియకి ఇచ్చింది.

మరియ తినలేదు.

"అమ్మగారూ, నా పాస్‌పోర్టు ఇచ్చెయ్యండి. మా అమ్మాయికి నెలలు నిండాయి. ఎప్పుడడిగినా చూద్దాం అంటారు. మీరూ ఆడమనిషే కదండీ."

కామాక్షి తన హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చూపించింది. అందులో బాబు బిస్కెట్లు, ఒక ఫోను తప్ప ఏమీ లేవు.

"నీది నా దగ్గర ఎప్పుడూ లేదు మరియా. నాదీ లేదు. రెండూ సార్ దగ్గరే ఉంటాయి. మా అమ్మ పోయినప్పుడు అడిగితే, ఇప్పుడు వెళ్లి ఏం చేస్తావన్నారు."

ఇన్నాళ్లూ మరియ మనసులో తిట్టుకున్నది ఈవిడనే. పుల్ల నుంచి ఒక కాయ తీసి కామాక్షి చేతిలో పెట్టింది.

వారం తర్వాత దుబాయ్ ఎయిర్‌పోర్టులో స్టాంపు వేసి, ఎవరి పాస్‌పోర్టు వాళ్ల చేతికే ఇచ్చారు. కౌంటరు దాటగానే కామాక్షి భర్త అలవాటుగా చెయ్యి చాపాడు. మరియ చెయ్యి కూడా అలవాటుగానే ముందుకు వెళ్లింది.

కామాక్షి మరియ చేతిని పక్కకు జరిపి, తన పాస్‌పోర్టు ఆయన చేతిలో పెట్టింది.

"మరియది మరియ దగ్గరే ఉంటుందండీ," అంది. "ఎల్లుండి ఊరెళ్తోంది."