పోయిన వస్తువుల కౌంటరు

"అయితే ఆ పళ్ళసెట్టు చివరికి ఎవరిదని తేలింది?" కలం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగారు రచయిత గారు.

"తేలలేదండీ. ఇద్దరు పెద్దమనుషులూ నాదంటే నాదన్నారు. ఒకాయన పెట్టుకుంటే వదులైంది, ఇంకొకాయన పెట్టుకుంటే ఇరుక్కుపోయింది," అంది భార్య ఉల్లిపాయలు తరుగుతూ.

"తర్వాత?"

"అంతే."

"అంతే అంటే ఎలా? కథన్నాక ముగింపు ఉండొద్దూ?"

ఆవిడ కత్తి ఆపి, కళ్ళు తుడుచుకుని, కాసేపు పైకప్పుకేసి చూసింది. "ఆఁ, మరిచేపోయాను. ఇద్దరూ పోట్లాడుకుంటూనే బయటికెళ్ళి, ఎదురుగా టీకొట్టులో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. వచ్చేవారం మళ్ళీ వస్తారట. సెట్టు కోసం కాదు, ఊరికే!"

"అదీ సంగతి!" రచయిత గారు గబగబా రాసుకున్నారు. "చూశావా, నీ కళ్ళముందే జరిగినా నీకు పట్టలేదు. కథ ఎక్కడుందో పసిగట్టాలంటే రచయిత కన్ను కావాలోయ్."

"నాకెక్కడిదండీ అంత తెలివి," అని ఆవిడ ఇంకో ఉల్లిపాయ అందుకుంది.

ఆవిడకి బస్ డిపోలో ఉద్యోగం. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులూ, సంచులూ, కళ్ళజోళ్ళూ భద్రపరిచి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి అప్పగించే కౌంటరు. ఎనిమిదేళ్ళుగా ఆ కిటికీ వెనక ఆవిడే. ఆయనకి వారపత్రికలో 'దారిలో దొరికినవి' అని ఒక శీర్షిక. అంతకుముందు ఆయన రాజుల మీదా యుద్ధాల మీదా లావుపాటి నవలలు రాశారు. వాటిని చదివినవాళ్ళు లేరు. దాంతో రెండేళ్ళపాటు కలం ముట్టకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అన్నానికి పిలిస్తే విసుగు, పలకరిస్తే విసుగు. "నేను బతికి ఎవరికి ఉపయోగం?" అని కూడా ఓరోజు అనేశారు.

సరిగ్గా ఆ మర్నాడే ఆవిడ డిపో నుంచి మొదటి ముచ్చట మోసుకొచ్చింది. ఒంటి చెప్పు సంచిలో పెట్టుకుని, రెండోది దొరికిందేమోనని ప్రతి మంగళవారం వచ్చే పోస్ట్‌మాన్ సంగతి. ఆయన లేచి కూర్చున్నారు. రాశారు. అచ్చయింది. పాఠకుల ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి. ఆ తర్వాత సభలు, సన్మానాలు. ఎక్కడికెళ్ళినా ఆయనది ఒకటే ఉపన్యాసం: "ప్రేరణ కోసం కొండలెక్కక్కర్లేదు. రోజూ చుట్టూ జరిగేది గమనించండి, చాలు!" గమనించడానికి తాను మాత్రం ఇల్లు కదలనని ఏ సభలోనూ చెప్పిన పాపాన పోలేదు.

ఒకట్రెండుసార్లు ఆయనకీ బుద్ధి పుట్టింది. "నేనూ వచ్చి మీ కౌంటరు దగ్గర కూర్చోనా?"

"అయ్యో, ఇంకేమన్నా ఉందా! అంత పేరున్న రచయిత ఎదురుగా ఉంటే జనం బిగుసుకుపోరూ? ఒక్కరూ నోరు విప్పరు."

'అంత పేరున్న' అన్న మాట ఆయనకి తెగ నచ్చింది. మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు వచ్చిపడిన చిక్కల్లా ఒకటే. ఈ నెలాఖరుకి ఆవిడ రిటైరైపోతోంది.

"పొడిగింపు అడగకూడదూ?" అన్నారు రచయిత గారు.

"ఈ వయసులో ఎవరిస్తారండీ?"

"పోనీ, వారానికోసారి వెళ్ళొస్తూ ఉండు."

"దిగిపోయాక అక్కడ నాకేం పని? మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అయినా మీకేం తక్కువ, మీరే ఏదో ఒకటి ఊహించి రాయండి."

"ఊహించడమా!" ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచారు. "ఊహించి రాసినన్నాళ్ళూ నా గతేమైందో చూశావుగా? నిజం కావాలోయ్, నిజం! నిజానికి ఉండే రుచే వేరు. జనం ఇట్టే పట్టేస్తారు."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దగ్గొచ్చిందేమో అనుకున్నారాయన.

పైకి ఎంత గంభీరంగా ఉన్నా, లోపల మాత్రం ఆయనకి నిజంగానే భయం పట్టుకుంది. మళ్ళీ ఆ గోడ, మళ్ళీ ఆ ఖాళీ కాగితం. ఈసారి లేవగలనన్న నమ్మకం ఆయనకి లేదు. ఆలోచించి ఆలోచించి, ఆవిడకి చెప్పకుండా ఒక ఉపాయం పన్నారు. ఆ సీటులోకి వచ్చేవాళ్ళని మంచి చేసుకోవాలి. రోజూ జరిగేవి ఫోన్లో చెప్పమని బతిమాలుకోవాలి.

వీడ్కోలు సభ రోజున, డిపో మేనేజరు మైకు పట్టుకుని ఆవిడని తెగ పొగుడుతుండగా, రచయిత గారు మెల్లగా హాల్లోంచి జారుకున్నారు. కౌంటరెక్కడని ఎదురుపడిన ఒక డ్రైవరుని అడిగితే, "అలాంటిదొకటి ఉందా సార్?" అన్నాడు. కొత్తవాడు కాబోలనుకుని ముందుకు నడిచారు. వర్క్‌షాపు దాటి, పాత టైర్ల గుట్ట చుట్టి వెళ్తే, చిట్టచివర కనబడింది చిన్న కిటికీ. లోపల తల నెరిసిన అటెండరు గొడుగుల దుమ్ము దులుపుతున్నాడు.

"మీరిక్కడ ఎన్నాళ్ళుగా చేస్తున్నారు?" అడిగారు రచయిత గారు, మర్యాదంతా గొంతులో కూడగట్టుకుని.

"మేడమ్‌గారితో పాటే వచ్చానండీ. ఆవిడ ఆ కుర్చీలో, నేనీ గొడుగుల దగ్గర."

"ఆవిడ సీటులోకి ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదండీ. రేపట్నుంచి కౌంటరు మూసేస్తున్నారు."

రచయిత గారు కిటికీలోకి తల దూర్చారు. "మూసేస్తారా! అదేం అన్యాయం? రోజూ ఇక్కడికొచ్చే ఇంతమందికీ ఎవరు జవాబు చెబుతారు?"

అటెండరు చేతిలో గొడుగు పక్కన పెట్టి ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత లోపల్నుంచి ఒక స్టూలు తెచ్చి, శుభ్రంగా తుడిచి, ఆయన ముందు వేశాడు.

"కూర్చోండి సార్. ఎనిమిదేళ్ళలో ఈ కిటికీ దగ్గరికొచ్చిన మొదటి మనిషి మీరే."