ప్రధానిగారి ఉప్పు

కాలంచేసిన ప్రధాని నరహరిరావుగారి గొంతు రోజూ పొద్దున్నే ఇంటింటి గోడలోంచి ధైర్యం, బాధ్యత, ప్రజాసేవ గురించి చెప్పడం దేశమంతా మామూలే. ఆ రోజు మాత్రం "భయపడేవాడు సేవ చేయలేడు" అన్న వెంటనే, "కూరలో ఉప్పు తక్కువైంది" అంది.

అదేదో త్యాగానికి పిలుపనుకుని జనం ఉప్పు మానేశారు. మధ్యాహ్నానికి దేశం మొత్తం చప్పబడిపోయింది.

సాయంత్రం గొంతుల శాఖ అధికారి, ఆయన వెనకే వీధివీధంతా, తెనాలిలో ప్రధానిగారి భార్య పేరిందేవి వంటింటి ముందు పోగయ్యారు.

"ఆ ఉప్పు మాట నేనే నేర్పాను నాయనా," అందావిడ. "ఆ గొంతులో అన్నీ సభల్లో మాటలే, ఇంట్లో మాట ఒక్కటీ లేదు. అందుకే రోజూ గోడ ముందు కూర్చుని చెప్పించాను. అన్ని గోడల్లోనూ ఒకే గొంతని నాకేం తెలుసు? నా వంటకి వంక పెట్టడానికి ఆయనకెంత ధైర్యం కావాలో మీకేం తెలుసు?"

ఘొల్లున నవ్విన వీధి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది.

"ఆ మాట తీసెయ్యాలమ్మా," నసిగాడు అధికారి.

"తియ్యి నాయనా, నీ బాధ్యత. ఒక్కసారి అననిచ్చి తియ్యి."

"పేరిందేవీ, కూరలో ఉప్పు తక్కువైంది," అంది గోడ.

"వేస్తున్నానండీ," అంటూ ఆవిడ ఉప్పుజాడీ అందుకుంది.

పొయ్యి ఇంకా వెలిగించనేలేదు.