తెల్ల చుక్క

ఎర్రదీపం కింద జకర్యా పళ్ళెం మెల్లగా ఊపుతున్నాడు. నెగటివ్‌లో తెల్లజుట్టుతో, నల్లని పళ్ళతో దయ్యాల్లా కనిపించిన తొమ్మిదిమంది, మందునీళ్ళలోని గాజుపలక మీద ఒక్కొక్కరుగా మనుషులవుతున్నారు. ఎడమ నుంచి మూడో ముఖం తేలగానే అతని చెయ్యి ఆగిపోయింది.

ప్రభుదాసు. జకర్యా భార్య మేబెల్‌కు తమ్ముడు.

“అయిందా అన్నా?” బయటినుంచి సదాశివ కేక వేశాడు. అతను ఖైదీల శిబిరంలో గుమాస్తా. “నాలుగింటికల్లా కప్తాన్ సాబ్ చేతిల ఉండాలె.”

“తలుపు తీస్తే పలక పాడవుతుంది. కాస్త ఆగవయ్యా.”

“ఆగుతనే ఉన్న. నీ చాయ్ సుత నేనే తాగిన.”

పోలీసు చర్య ముగిసి మూడు వారాలైంది. రజాకార్లన్న అనుమానంతో పట్టుకున్నవారిని తిరుమలగిరి అవతల ఒక పాత గుర్రపుశాలలో ఉంచారు. మొన్న జకర్యాను పిలిపించి, తొమ్మిదిమందిని గోడ ముందు వరుసగా నిలబెట్టి ఫోటో తీయించారు. ప్రభుదాసు చేసిందల్లా రజాకార్ల దఫ్తరులో జీతానికి ఉర్దూ చిట్ఠీలు రాయడమే. బావను చూసి కూడా అతను చూడనట్టే నిలబడ్డాడు. జకర్యా కూడా, ముక్కూ మొహం ఎరగనివాడికి చెప్పినట్టు, “గడ్డం పైకెత్తు” అన్నాడు. ఆ రెండు మాటలూ రెండు రోజులుగా అతన్ని నిద్రపోనివ్వలేదు.

పలక కడిగి బయటికి తెచ్చాడు.

“కాగితం మీద ఫోటో చాలదా సదాశివా? గాజు మీద, పైగా రంగులు దేనికి?”

“కొత్తగ నలభైమంది పహరావాళ్ళు వచ్చిన్రు. మన మొఖాలన్నీ వాళ్ళకు ఒక్కతీరుగనే ఉంటయ్. పేరు పిలిస్తే ముగ్గురు లేస్తున్నరు! అందుకే బొమ్మల లాంతర్ల ఈ పలక పెట్టి గోడ మీద పెద్దగ చూపిస్తరంట. అంగీ రంగు చూసి మనిషిని పట్టుకుంటరు.”

“ఎవరిని?”

“ఒక్కణ్ణే. ఎడమదిక్కు నుంచి మూడోటోణ్ణి. రేపు పొద్దుగాల లారీ ఎక్కిస్తరు.”

“ఎక్కడికి?”

“నాకేమెరుక? పోయిన వారం గిట్లనే ఇద్దర్ని తీస్కపోయిన్రు. మళ్ళ మొఖం సూపియ్యలే.” సదాశివ సైకిలెక్కాడు. “నాలుగింటికొస్త.”

లోపలినుంచి అంతా విన్న మేబెల్ కిటికీ దగ్గర కూర్చుని సన్నకుంచెతో రంగులు అద్దసాగింది. జకర్యా రాసుకొచ్చిన కాగితం చూసి ఒకరికి ఆకుపచ్చ తలపాగా, మరొకరికి బూడిదరంగు కోటు. మూడోవాడి దగ్గరికి వచ్చాక కాగితం చూడలేదు.

“ఈ నీలం చొక్కా నేను కుట్టిందే,” అంది. ఆపైన, “ఏమండీ, వీణ్ణి చెరిపెయ్యండి.”

“చెరిపితే ఎనిమిదిమందే మిగులుతారు. లెక్క వాళ్ళకీ వచ్చు.”

“అయితే చుక్క వెనకవైపు అంటించండి.”

ఆ ఆలోచన చీకటిగదిలోనే జకర్యాకు వచ్చింది.

పలక పూర్తయ్యాక ఒక మూల తెల్లకాగితపు చుక్క అంటించడం ఆ పనిలో ఆచారం. లాంతరు నడిపేవాడు కుడి బొటనవేలు ఆ చుక్క మీద ఉంచి పలకను దూరుస్తాడు. చుక్క రెండోవైపు పడితే ఎడమ కుడి అవుతుంది. ఒకసారి ఆదివారపు బడిలో బైబిలు బొమ్మలు చూపిస్తుంటే అలాగే జరిగి దావీదు ఎడమచేత్తో వడిసెల తిప్పాడు. పిల్లలు నెలరోజులు నవ్వారు.

“అప్పుడు మూడోవాడు ఇతనవుతాడు.” జకర్యా బూడిదరంగు కోటును చూపించాడు. మోచేతుల దగ్గర మాసికలు. ఫోటో తీస్తున్నప్పుడు అతనొక్కడే నోరు విప్పాడు. “పటం మంచిగొస్తదా అన్నా? మా అవ్వ తాన నాది ఒక్క పటం సుత లేదు.”

“ఇతనెవరో మనకు తెలియదు,” అంది మేబెల్.

“తెలియకపోవడమే నా భయం. తప్పు చేసినవాడని తెలిస్తే ఈపాటికి అంటించేవాణ్ణి.”

“మీకు ధర్మం కావాలి. నాకు నా తమ్ముడు కావాలి.”

అతను లేచి గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. బొమ్మలో తన చెయ్యి కనిపించకూడదన్నది ఇరవయ్యేళ్ళుగా అతని నియమం. కాని చుక్క సరైనవైపు అంటించినా అంటించేది ఈ చెయ్యే కదా. ఊరుకున్నవాడు నిర్దోషి అని ఎవరన్నారు? ఒక ప్రాణానికి బదులు మరొక ప్రాణాన్ని ఎంచే అధికారం ఎవరిచ్చారు? వీధిలో సైకిల్ గంట మోగింది.

జకర్యా చుక్కను నాలుకతో తడిపి, పలక తిప్పి, వెనకవైపు అంటించాడు.

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ శిబిరం గేటు ఎదురుగా రోడ్డు పక్కన నిలబడ్డారు. లారీ బయటికి వచ్చింది. వెనక ఇద్దరు సిపాయిల మధ్య బూడిదరంగు కోటు. జకర్యాను గుర్తుపట్టి ఆ మనిషి చెయ్యెత్తి సలాం చేశాడు. జకర్యా చెయ్యి లేవలేదు.

“స్తోత్రం ప్రభువా,” అంటూ మేబెల్ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

లారీ మలుపు తిరిగేదాకా జకర్యా చూస్తూనే ఉన్నాడు. తాను పంపిన మనిషి ఎక్కడికి వెళుతున్నాడో తెలుసుకోవడమైనా తన విధి అనిపించింది. గేటు దగ్గర ఉన్న సదాశివ చేతిలో ఏదో కాగితం పట్టుకుని ఇటే వస్తున్నాడు.

“మిగిలినవాళ్ళను ఏం చేస్తారు సదాశివా?” జకర్యా ముందు బావమరిది సంగతే అడిగాడు.

“ఇప్పుడే సదివిన అన్నా. ఎనిమిదిమంది మీద ఖూనీ కేసు కట్టిన్రు. ఉరే పడుతదంటున్నరు.”

జకర్యా మలుపు వైపు వేలు చూపించాడు.

“మరి లారీలో పోయినవాణ్ణి?”

“ఇంటికి పంపుతున్నరు.”