బయటి గాలి

"పన్ను పీకించుకునేదైతేనే బండెక్కించండి. మాత్రలకైతే మన కాంపౌండరు చాలు," అన్నాడు జైలరు, తలెత్తకుండానే.

"పీకించుకుంటానయ్యా," అన్నాడు ముసలాయన, దవడకు చుట్టుకున్న తుండుగుడ్డ మీద చెయ్యి ఆనించుకుని. "రాత్రంతా కన్ను మూతపడలేదు."

ఆయనది యావజ్జీవ శిక్ష. ఎవరితోనూ కలవనివ్వకుండా చివరి గదిలో ఒంటరిగా పెట్టి ఏళ్ళు గడిచాయి. అన్నం తలుపు కింది సందులోంచి వస్తుంది. తెచ్చినవాడి చెయ్యి కనబడుతుంది గానీ ముఖం కనబడదు. చూడవచ్చే చుట్టాలు లేరు. జైల్లో పళ్ళ డాక్టరు లేడు కాబట్టి, పన్ను పీకాలంటే మాత్రం ఊళ్ళో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

వ్యాను గేటు దాటగానే హెడ్డు కానిస్టేబులు ఆయన బేడీలు కాస్త వదులు చేశాడు.

"ఇంకెన్ని మిగిలాయి పెద్దాయనా?"

"ఇదొక్కటే హెడ్డుగారూ."

"అయితే మనిద్దరికీ ఇదే ఆఖరు షికారన్నమాట!"

ముసలాయన నవ్వబోయి ఊరుకున్నాడు. కిటికీ జాలీకి ముఖం ఆనించాడు. మేడ మీద ఎవరో తడిబట్టలు దులుపుతున్నారు. ఒకావిడ కూరలబండివాణ్ణి దులిపేస్తోంది. వీధి కుళాయి దగ్గర కుక్క నీళ్ళు తాగి, ఎవరో పిలిచినట్టు పరుగెత్తింది.

"నొప్పెలా ఉంది?"

"గాలి తగులుతుంటే హాయిగా ఉంది బాబూ."

హెడ్డు ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టాడు. "చెరువుగట్టు మీంచి పోనీరా."

"చుట్టుదారి కదండీ?"

"పోనీరా అంటే!"

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి!" అంటూ డ్రైవరు బండి తిప్పాడు. ముగ్గురూ నవ్వారు. గట్టు మీద హెడ్డు టీ తెప్పించాడు.

"ఇప్పుడే తాగు. పీకాక వేడిది తాగనివ్వరు."

ముసలాయన గుక్కకీ గుక్కకీ మధ్య నీళ్ళకేసి చూస్తూ, టీ చల్లారిపోయేదాకా తాగాడు. హెడ్డు తొందరపెట్టలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన నోట్లోకి లైటు వేసి చూసింది. పన్ను అటూ ఇటూ కదిపింది.

"గట్టిగానే ఉంది కదా తాతా. ఇదీ పోతే ఏం పెట్టి నములుతావు? మందిస్తాను, పదిరోజులు వాడి మళ్ళీ రా."

ముసలాయన ముఖం వెలిగింది. "మళ్ళీ రమ్మంటావా తల్లీ?"

"మళ్ళీ పంపరమ్మా," అన్నాడు హెడ్డు, నేలచూపులు చూస్తూ. "ఈవేళ పీకించకుండా తీసుకెళితే, నాటకమాడాడని ఇక బండే ఇవ్వరు. ఆ జైలరుగారి సంగతి మీకు తెలీదు."



"పీకెయ్యమ్మా," అన్నాడు ముసలాయన.

డాక్టరమ్మ సూది పొడిచింది. మొద్దుబారేదాకా కూర్చోవాలంటే, కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంటానన్నాడు. సరేనంది. మొద్దుబారి చాలాసేపైనా ఇంకా మొద్దుబారలేదనే చెప్పాడు. ఆవిడా అడగడం మానేసి ఇంకో ఇద్దరు రోగుల్ని చూసుకుంది. చివరికి తనే లేచివచ్చి కుర్చీలో వాలాడు.

పని అయ్యాక నోట్లో దూది పెడుతూ, "ఇంకేం భయం లేదు. ఇక నా దగ్గరికి రానక్కర్లేదు," అంది ఓదార్పుగా.

ఆయన కళ్ళ వెంట నీళ్ళు జారాయి.

"నొప్పిగా ఉందా?"

లేదన్నట్టు తలూపాడు.

తిరుగుదారిలో కూడా బండి గట్టు మీంచే వచ్చింది, ఎవరూ చెప్పకుండానే. ముసలాయన ఈసారి జాలీ దగ్గరికి జరగలేదు. హెడ్డే ఆయన్ని భుజం పట్టి అటు జరిపాడు.

చివరి గది తలుపు తీసి, బేడీలు విప్పుతూ హెడ్డు అన్నాడు: "పోనీలే పెద్దాయనా, ఇవాళ్టితో పంటిపోటు పీడ విరగడైంది."

నోట్లో దూదితో ముసలాయన చేతులు జోడించాడు. తలుపు మూసుకుంది.

ఆయనకు ఏనాడూ పంటిపోటు రాలేదు.