కోడి తల ఎటు వైపు?

కోడి తల బంగారయ్య వైపే తిరిగి ఉంది.

యజమాని ఫూన్ తౌకే రబ్బరు కొట్టులో చీనా కొత్త సంవత్సరం విందు. గుండ్రటి బల్ల మధ్యలో పెద్ద పళ్లెం. అల్లం వేసి నీళ్లలో ఉడికించి, ముక్కలు కోసి, మళ్లీ కోడి ఆకారంలో పేర్చిన తెల్లటి కోడి. మెడలో ఒక వెదురు పుల్ల. ముక్కు సూటిగా బంగారయ్య చొక్కా గుండీని చూస్తోంది.

చీనావాళ్ల సంగతులు మలయాలోని ఈ సుంగై సిపుట్ టౌను మొత్తంలో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవని బంగారయ్య గొప్ప. తౌకే ఎవరిని పనిలోంచి తీసేయాలనుకుంటే ఈ విందులో కోడి తలను వాళ్ల వైపు పెట్టిస్తాడని, నోటితో చెప్పడం మర్యాద కాదని ఆ పొద్దున్నే తోటి గుమాస్తా కాంతయ్యకు పాఠం చెప్పాడు. రబ్బరు ధర పడింది కాబట్టి ఈసారి గుమాస్తాల్లో ఒకరు పోక తప్పదని జోస్యం చెప్పిందీ తనే.

"ఏటి బావా, తినవేటి?" ఎదురుగా కూర్చున్న కాంతయ్య అడిగాడు. "నీకేసే సూస్తన్నాది, పాపం."

బంగారయ్య చొక్కా గుండీని చేత్తో కప్పుకున్నాడు. ఈ పని పోతే మళ్లీ ఎస్టేటే గతి. ముళ్లకంచె వెనక, తెల్లారకముందే కత్తి పట్టుకుని రబ్బరు చెట్ల కింద. తను లేకపోతే ఈ కొట్టు ఒక్క రోజు నడవదని నిన్ననే భార్య నూకమ్మకు చెప్పి ఉన్నాడు.

వాళ్లు తీసేసే లోపు తనే మానేస్తే? కనీసం ఇంట్లో తలెత్తుకుని చెప్పుకోవచ్చు.

లేచి నిలబడ్డాడు.

"దేశానికి మెర్డెకా ఆగస్టులో వస్తాదంట బావా, తెల్లోడి పాలన పోతాదంట. నాకు ఈయేళే వచ్చినాది. ఇక ఎవుడికీ సలాం కొట్టక్కర్లేదు."

తర్వాత తౌకే వైపు తిరిగి మలయ్ భాషలో అందుకున్నాడు. ఇక్కడి కాఫీ కన్నా కాలవ నీళ్లు నయమన్నాడు. ఈ కొట్టు తూకం చూసి టౌనంతా నవ్వుతోందన్నాడు. తూకం వేసేది తనే కనుక ఆ నవ్వులో సగం తనకే చెందుతుందని ఒప్పుకున్నాడు. ఒంటికి పట్టిన రబ్బరు కంపుకి పెళ్లాం తనను వరండాలో పడుకోబెడుతోందని కూడా అనేశాడు. చివరికి కొట్టు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను మానేశాను."

"ఎందుకు?" అన్నాడు తౌకే.

బంగారయ్య కోడి తల చూపించాడు. తౌకే వంగి చూసి, వెదురు పుల్ల పట్టుకుని లాగాడు. తల ఊడి చేతికి వచ్చింది. వంటింటి వైపు చూసి నిట్టూర్చాడు.

కోడిని వండించి తెచ్చింది కంచె వేసిన ఊరి నుంచి. అడవిలో ఉన్న తిరుగుబాటువాళ్లకు బియ్యం మోస్తున్నారేమోనని గేటు దగ్గర పోలీసులు దాని పొట్టంతా కెలికి, తల ఊడగొట్టారట. వంటవాడు తల లేకుండానే ముక్కలు కోసి, మెడ వైపు తౌకే చెప్పిన దిక్కుకే ఉంచి పళ్లెం సర్దాడట. తల లేని కోడి ఏడాది మొదట్లో అరిష్టమని, చూపు సరిగా ఆనని తౌకే తల్లి వచ్చి చేతికి అందిన చివర దాన్ని గుచ్చిపోయింది.

"ఇది తోక వైపయ్యా," అన్నాడు తౌకే.

అందరి చూపులూ పళ్లెం రెండో చివరకు వెళ్లాయి. అక్కడ కాంతయ్య తొడముక్కను నోటి దగ్గరే ఆపి, బిగుసుకుని కూర్చున్నాడు.

బంగారయ్యకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. గబుక్కున కూర్చుని, కాఫీ సంగతి సరదాకి అన్నానని, నిజానికి ఆ రుచి ఇంట్లో కూడా దొరకదని నవ్వుతూ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

అప్పటికే తౌకే అరచెయ్యి దాని మీద ఉంది.

"ఒకరినే పంపాలనుకున్నాను. ఒకరు వెళ్లారు," అంటూ తౌకే తాళంచెవిని బల్ల అవతలికి తోశాడు. "కాంతయ్యా, రేపు కొట్టు నువ్వు తెరువు."