చంద్రయ్యతో చెప్పాల్సిన మాట

"సంతకం పెట్టొద్దు!" శారద భర్త చేతిలోంచి పెన్ను లాక్కుంది.

తార్నాకలో టిఫిన్ సెంటరు పైనున్న చిన్న గది అది. లాయరు పద్మశ్రీ కాగితాలు తిప్పుతున్న చెయ్యి ఆపేసింది. రంగనాథ్ తల పట్టుకున్నాడు.

"ఇంకేం చేయమంటావు శారదా? ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో తీర్చినా. దాన్ని తీర్చేదానికి లోను తెచ్చినా. ఇప్పుడు వడ్డీలకే జీతం చాలడం లేదు. ఐపీ పెట్టక తప్పదు."

"పెట్టొద్దనడం లేదు. మేడం ఇందాక చెప్పింది మీరు సరిగ్గా విన్లేదు. మేడం, ఇంకోసారి చెప్పండి."

పద్మశ్రీ ఓపిగ్గానే చెప్పింది. "ఐపీ అంటే, నా ఆస్తంతా అమ్మినా అప్పులు తీరవు, నేను దివాలా తీశానని ప్రకటించండి అని కోర్టును అడగడం. కోర్టు ఒప్పుకుంటే అప్పులవాళ్లు మీ మీద పడకుండా రక్షణ ఉంటుంది. కానీ ఆ రక్షణ మీ ఒక్కరికే సార్. మీకు జామీను ఉన్నవాళ్లకు ఉండదు. ఉద్యోగుల సొసైటీలో మీరు తీసుకున్న లోనుకు చంద్రయ్యగారు సంతకం పెట్టారు కదా. ఆ బాకీ ఇక ఆయన జీతంలోంచి పట్టుకుంటారు."

"విన్నారా?" అంది శారద. "ఆ మనిషికి కోర్టు నోటీసు చూసి తెలియకూడదు. మీ నోటితో మీరు చెప్పల్ల. అప్పుడొచ్చి సంతకం పెట్టండి."

"ఏ మొహం పెట్టుకొని చెప్పేది?"

"ఆయన దగ్గర సంతకం అడిగినప్పుడు ఏ మొహం ఉండిందో, దాంతోనే."

పద్మశ్రీ నవ్వాపుకుని, ఫైలు మూసి పక్కన పెట్టింది.

వాళ్లు స్కూటరు మీద రంగనాథ్ పనిచేసే యూనివర్సిటీలోకి వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. రికవరీ ఏజెంట్లు ఆఫీసుకు కూడా వస్తున్నారని రంగనాథ్ పది రోజులుగా సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. అతని సెక్షన్‌లోనే పనిచేసే చంద్రయ్య, ఆఫీసు వెనక సిమెంటు బెంచీ మీద ఒక్కడే కూర్చుని డబ్బా విప్పుతున్నాడు. వీళ్లను చూసి ఉలిక్కిపడి లేచాడు.

"అరే సార్! చెల్లె గూడ వచ్చిందా? కూసోండ్రి, కూసోండ్రి. జొన్నరొట్టె ఉన్నది. మా వనజ పుంటికూర పప్పు చేసింది."

"చంద్రయ్యా, నీతో ఒక మాట చెప్పల్ల."

"మాటలేడికి పోతయ్ సార్? ముందు తినుండ్రి."

డబ్బా మూతలో ఒక రొట్టె, చేతిరుమాలు మీద ఒక రొట్టె పెట్టి ఇద్దరికీ ఇచ్చాడు. తనకేమీ మిగుల్చుకోకపోవడం శారద గమనించింది. వద్దన్నా అతను వినలేదు.

రంగనాథ్ రొట్టె పక్కన పెట్టేశాడు. "నేను ఐపీ పెడుతుండా చంద్రయ్యా. సొసైటీ బాకీ నీ నెత్తిన పడుతుంది. నీ జీతంలో పట్టుకుంటారు. నమ్మి సంతకం పెట్టినందుకు నిన్ను నట్టేట ముంచినా. చెప్పు తీసుకొని కొట్టు, పడతా."

చంద్రయ్య తన కాళ్ల వైపు చూసుకున్నాడు. "మొన్ననే కొన్న సార్ ఈ చెప్పులు. మిమ్మల్ని కొట్టి ఖరాబ్ చేసుకోవాల్నా?"

"తమాషా కాదప్పా!"

"అన్నా," శారద ముందుకు వంగింది. "నా చేతికి ఈ రెండు బంగారు గాజులే మిగిలినాయి. కోర్టుకు చూపించకముందే మీకు..."

"గట్ల జెయ్యొద్దు చెల్లె. ఉన్నయి ఉన్నట్టు చూపెట్టాలె. దాస్తే తర్వాత కిరికిరి అయితది." చంద్రయ్య గొంతు తగ్గించాడు. "గాజులు చేతికి ఉండనీ. నా గురించి ఫికర్ చెయ్యకుండ్రి. జీతంల కట్ అయితే కానీ. రొట్టె లేని దినం అంబలి తాగుత. సార్, మీరు మాత్రం అడ్డమైన పని చెయ్యొద్దు. పైసల కోసం పాణం తీసుకునేటోడు పిచ్చోడు."

రంగనాథ్ కళ్లు నిండాయి. శారద అటు తిరిగి, దారిన పోతున్న పిల్లలను చూస్తూ కూర్చుంది.

"కోర్టుకు పోయేటప్పుడు ఆధార్ జిరాక్సులు నాలుగు ఎక్కువ పట్టుకపోండ్రి," చంద్రయ్య చెబుతూనే ఉన్నాడు. "ఆడ జిరాక్స్ దుకాణం కాడ మస్తు రష్ ఉంటది. అప్పులోళ్ల పేర్లు ఒక్కటి గూడ మర్చిపోవద్దు. బాకీ ఎంతని అడిగితే సిగ్గుపడొద్దు, సక్కగ చెప్పుండ్రి. ఆడ కోర్టు బల్ల మీద కూసున్నప్పుడు అందరు మననే చూస్తున్నరని అనిపిస్తది. ఎవ్వలు చూడరు సార్. ఆడికొచ్చినోళ్లందరిది గదే కథ."

రంగనాథ్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎట్లాంటి మనిషివి చంద్రయ్యా! ఇంకొకడైతే ఈపాటికి నా గల్లా పట్టుకుండేవాడు. నీకు ఇంతైనా కోపం రాలేదా?"

చంద్రయ్య చేతులు విడిపించుకోలేదు. తల మాత్రం దించుకున్నాడు.

"కోపం ఏడికెళ్లి వస్తది సార్? మొన్న సోమారం నేను గూడ ఐపీ పెట్టిన. నా లోనుకు జామీను మీరే గద."