ఎర్రనీటి ఏకాదశి

"తొట్లేవండీ ముసలయ్యగారూ?"

పొల్యూషన్ ఆఫీసరు శ్రీనివాసరాజుగారు కాగితం పట్టుకుని అద్దకం షెడ్డంతా తిరిగారు. అది ముసలయ్య స్వహస్తాలతో గీసిచ్చిన ప్లాను. రంగునీళ్ళు మొదటి తొట్టిలో పడాలి. సున్నం, పటిక వేస్తే రంగు అడుక్కి దిగాలి. రెండో తొట్టిలోంచి తేటనీరే మునిసిపాలిటీ కాలవలోకి పోవాలి. బొమ్మ ముచ్చటగానే ఉంది. షెడ్డులో మాత్రం పిల్లి పడుకునేంత గొయ్యి కూడా లేదు.

"తాపీమేస్త్రీలంతా పుష్కరాల పనుల్లోకి పోయారండి బాబూ. ఒక్కడు దొరికితే ఒట్టు."

"ఆ పుష్కరాలు మూడు వారాల్లోకి వచ్చేశాయి. మీ కాలవ పోయి స్నానాల రేవు పక్కనే పడుతోంది. రేపు తొలి ఏకాదశి. స్నానం, పూజ అయ్యాక పదింటికొస్తాను. ఈలోగా చుక్క రంగు వదిలారా, షెడ్డుకి సీలే."

వెళ్తూ వెళ్తూ గుమ్మం మీది బోర్డు పైకే చదివారు. 'ఎన్ని ఉతుకులకైనా పోని రంగు. ముసలయ్య అద్దకం.'

స్కూటరు మలుపు తిరిగిందో లేదో సూరమ్మ మొగుడి మీద పడింది.

"రేపు మధ్యాహ్నానికి మఠం వాళ్ళకి మూడొందల కావిపంచెలివ్వాలి. వంద ఇంకా కాగుల్లోనే ఉన్నాయి. సీలేస్తే స్వాములకేం చెప్తావయ్యా? పనోళ్ళకేం చెప్తావు?"

"ఆఖరి కడుగు నీళ్ళు పారబొయ్యకుండా తర్వాతి కాగుకి వాడుకుందామండి. సగం తగ్గిపోద్ది. మిగతా సగం పీపాల్లో పడదాం," అన్నాడు పాత పనివాడు యెహెజ్కేలు.

అంత తేలికైన మాట ముసలయ్య చెవికి ఎక్కుతుందా! గడ్డం గోక్కున్నాడు.

"ఏమోయ్, గోదారికి ఎర్రనీరొచ్చింది కదూ?"

"మొన్నే వచ్చిందండి."

"మన కావి ఏ రంగు?"

యెహెజ్కేలు కాగులోకి తొంగిచూశాడు. "ఇంచుమించు అదేనండి."

"మరింకేం! తెల్లారగానే వదిలేద్దాం. పదింటికల్లా కాలవ కడిగేద్దాం."

"రేవులో జనం ఉంటారేమోనండి..."

"ఉంటే? ఎర్రనీట్లో ఎర్రనీరు కనిపెట్టే మొనగాడు రాజమండ్రిలో ఇంకా పుట్టలేదు."

తెల్లారింది. మూడు కాగులూ ఒంచేశారు. కాలవ కాసేపు కాషాయం కట్టి, బుడబుడమంటూ గోదారికేసి పోయింది. ఆ వెనకే నలభై బిందెల నీళ్ళు, రెండు చీపుళ్ళు, గట్టున సున్నం గీత. తొందరలో సూరమ్మ బిందె రెండుసార్లు జారవిడిచింది.

సరిగ్గా పదింటికి స్కూటరు చప్పుడైంది. ఆఫీసరుగారి చేతిలో ఉబ్బిన గుడ్డసంచి.

"సీలూ లక్కా అందులోనే ఉన్నాయంటావా?" సూరమ్మ గొణిగింది.

"నోరుమూసుకో," అన్నాడు ముసలయ్య.

ఆఫీసరుగారు కాలవలో వేలు ముంచారు. వాసన చూశారు. తెల్ల రుమాలుకి తుడుచుకున్నారు. రుమాలు తెల్లగానే ఉంది.

"శుభ్రంగా ఉందే!"

ముసలయ్యకి ప్రాణం లేచొచ్చింది. "తమరు చెప్పాక చుక్క వదిలితే ఒట్టండి బాబూ. కావాలంటే శాంపిలు పట్టుకోండి. సీసా ఇమ్మంటారా?"

"అక్కర్లేదండి. పొద్దున్నే రేవులో దొరికింది."

సంచిలోంచి తడి పంచె ఒకటి తీసి బల్ల మీద పరిచారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నిగనిగలాడే కావి.

"ఏకాదశి స్నానానికి దీన్ని తెల్లగా కట్టుకెళ్ళానండి. మా ఆవిడ మూడుసార్లు సబ్బు పెట్టి బాదింది. మీ బోర్డులో ఒక్క ముక్క అబద్ధం లేదు."